విషాదాంత నాటకాన్ని నిశితంగా చదవడం



పద్యభాగంలో మీరు ప్రతిపదార్థం, తాత్పర్యం రాయడం నేర్చుకొన్నారు. పద్యాన్ని పదాలుగా విడదీసి, ఒక్కొక్క పదానికీ అర్థం చెప్పి, చివరికి మొత్తం భావాన్ని రెండు మూడు వాక్యాల్లో రాయడం మనకు తరతరాలుగా వస్తున్న పద్ధతి. మంచి పద్ధతే. కాని నాటకం దగ్గరకు వచ్చేసరికి అది సగం దూరమే తీసుకుపోతుంది. నాటకంలో మాటకు అర్థం ఉండటమే కాదు, దానికి ఒక పని కూడా ఉంటుంది. ఎవరు, ఎవరితో, ఎవరి ఎదుట, ఏం సాధించాలని ఆ మాట అన్నారో తెలిస్తే తప్ప ఆ మాట మనకు పూర్తిగా అందదు. ఇలా మాట వెంట, దాని పని వెంట ఆగి ఆగి చదవడాన్ని నిశిత పఠనం అంటారు. ఈ పాఠంలో షేక్స్పియర్ రాసిన 'జూలియస్ సీజర్' నాటకంతో దాన్ని సాధన చేద్దాం.

ఈ పాఠాన్ని ముఖ్యంగా సూరత్‌లోని బమ్రోలి, పాండెసరా, ఉధ్నా ప్రాంతాల అభ్యాసకులను దృష్టిలో పెట్టుకొని రాశాం. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి మగ్గం పని వెంట వచ్చి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పగలు సాంచాల మోతలో గడిపి, రాత్రి పుస్తకం తెరిచే మీకు నాలుగు వందల ఏళ్ల కిందటి ఇంగ్లండు నాటకం ఎందుకు అనిపించవచ్చు. చదవండి. అందులో గుడ్డ ఉంది, కూలి జనం ఉన్నారు, డబ్బు పంచుతామన్న వాగ్దానం ఉంది. ఆ వాగ్దానం ఏమైందో కూడా ఉంది.

నాటకం గురించి కొద్దిగా

ఎలిజబెత్ రాణి ఇంగ్లండును 1558 నుంచి 1603 వరకు పాలించింది. ఆ కాలంలో వచ్చిన విషాదాంత నాటకాలనే ఎలిజబెత్ యుగపు విషాదాంతాలు అంటారు. 'మాక్‌బెత్', 'కింగ్ లియర్' నాటకాలను కూడా చాలామంది ఈ వరుసలోనే చెబుతారు గాని అవి ఆమె తరువాత వచ్చిన జేమ్స్ రాజు కాలానివి. 'జూలియస్ సీజర్' మాత్రం కచ్చితంగా ఎలిజబెత్ కాలానిదే. 1599 సెప్టెంబరు 21న లండన్‌లో సీజర్ కథ నాటకంగా చూశానని ఒక స్విట్జర్లాండ్ యాత్రికుడు రాసి పెట్టాడు. అది ఈ నాటకమే అని పండితులు భావిస్తున్నారు. అచ్చులో మాత్రం ఇది 1623లోగాని రాలేదు. కథకు ఆధారం ప్లూటార్క్ అనే గ్రీకు రచయిత రాసిన జీవిత చరిత్రలు. వాటికి 1579లో వచ్చిన ఇంగ్లీషు అనువాదాన్ని షేక్స్పియర్ దగ్గర పెట్టుకొని రాశాడు.

తెలుగువారికి ఈ నాటకం కొత్త కాదు. వావిలాల వాసుదేవశాస్త్రి 1870ల్లోనే దీన్ని 'సీజరు చరిత్రము' పేరుతో తెలుగు చేశారు. అయితే విషాదాంతం అనే పద్ధతి మన రంగస్థలానికి కొంత ఆలస్యంగా వచ్చింది. సంస్కృత నాటకం మంగళాంతంగా ఉండాలన్నది సంప్రదాయం. భాసుని 'ఊరుభంగం' వంటివి అరుదు. బళ్లారికి చెందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) 'విషాద సారంగధర' రాసి ఆ కట్టు దాటారు. పాత కథలో ఒక సిద్ధుని దయవల్ల సారంగధరునికి నరికిన కాళ్లూ చేతులూ తిరిగి వస్తాయి. ఆచార్యులవారు కథను విషాదంతోనే ముగించారు.

ఇక కథ. రోము నగరంలో సీజర్ గొప్ప సేనాని. అతడు రాజు అవుతాడేమో, ప్రజల స్వేచ్ఛ పోతుందేమో అని కొందరు పెద్దలు భయపడ్డారు. వారిలో కాసియస్‌కు అసూయ కూడా ఉంది. బ్రూటస్‌కు అసూయ లేదు, అతడు సీజర్‌కు ఆప్తుడు. క్రీస్తుపూర్వం 44, మార్చి 15న అందరూ కలిసి సీజర్‌ను పొడిచి చంపారు. ఆ తరువాత బ్రూటస్ జనానికి కారణం చెప్పాడు. అతని అనుమతితోనే సీజర్ స్నేహితుడు ఆంటొనీ కూడా మాట్లాడాడు. ఆంటొనీ మాటలు ముగిసేసరికి ఊరు తగలబడే స్థితికి వచ్చింది. చివరికి యుద్ధంలో ఓడిన బ్రూటస్, కాసియస్ ప్రాణాలు తీసుకొన్నారు.

కథ ఇంతే. పరీక్షకు ఈ మాత్రం చాలు అనుకొంటే బజారులో గైడు దొరుకుతుంది. మనం మాటల్లోకి వెళదాం.

'వచ్చు' అన్న ఒక్క క్రియ

రెండో అంకం మొదటి రంగంలో బ్రూటస్ రాత్రివేళ తన తోటలో ఒంటరిగా ఆలోచిస్తుంటాడు. అక్కడి మాటల వరుస చూడండి. సీజర్ చావక తప్పదన్న నిర్ణయంతోనే అతని స్వగతం మొదలవుతుంది. కారణాలు ఆ తరువాత వస్తాయి. మామూలుగా మనం కారణాలు చెప్పుకొని నిర్ణయానికి వస్తాం. ఇక్కడ నిర్ణయం ముందు కూర్చుంది, కారణాలను వెతికి తెస్తున్నారు.

ఆ కారణాలు ఎలాంటివి? తనకు సీజర్ మీద సొంత పగ ఏదీ లేదని బ్రూటస్ ఒప్పుకొంటాడు. సీజర్ ఎప్పుడైనా వివేకం తప్పి కోరికకు లొంగినట్టు తాను చూడలేదని కూడా అంటాడు. మరి తప్పు ఏమిటి? కిరీటం పెడితే మారవచ్చు. పైకి ఎక్కాక ఎక్కిన నిచ్చెనను తిరిగి చూడకపోవచ్చు. చివరకు పాము గుడ్డుతో పోలుస్తాడు. పిల్ల బయటికి వస్తే కాటు వేస్తుంది గనుక గుడ్డులోనే చంపాలని అతని వాదం. ఇంగ్లీషు మూలంలో 'వచ్చు' అనే అర్థం ఇచ్చే సహాయక క్రియల కింద గీత గీసుకొంటూ పోతే ఈ స్వగతంలో సీజర్ చేసిన నేరం ఒక్కటీ కనబడదు. చేయబోయేవే కనబడతాయి.

ఇది నిశిత పఠనంలో మొదటి మెట్టు. కారణాల బరువు తూచే ముందు క్రియల కాలం చూడండి. జరిగినదా, జరుగుతున్నదా, జరగవచ్చునా? బ్రూటస్ దుర్మార్గుడు కాడు. నాటకంలో అందరికంటె నిజాయితీ ఉన్నవాడు బహుశా అతడే. అటువంటి మనిషి ఒక 'వచ్చు' మీద ఆధారపడి స్నేహితుని చంపాడు. నాటకంలో విషాదం ఇక్కడే మొదలవుతుందని నా అభిప్రాయం. కత్తి బయటికి రావడానికి ఇంకా చాలా సమయం ఉంది.

పెద్దమనుషులు

ఇప్పుడు మూడో అంకం రెండో రంగం తీయండి. ముందు బ్రూటస్ మాట్లాడతాడు. అతని మాటలు వచనంలో ఉంటాయి. ఆంటొనీ మాటలు పద్యంలో ఉంటాయి. మన పద్య నాటకాలకు అలవాటుపడిన మీకు పద్యం అనగానే రాగం, ఆలాపన, 'వన్స్ మోర్' గుర్తుకు వస్తాయి. ఇక్కడ అది కాదు. ఈ పద్యానికి అంత్యప్రాస లేదు, పాట లేదు. మాట్లాడే మాటకే ఒక నడక ఉంటుంది. బ్రూటస్ వచనం త్రాసులో తూచినట్టు ఉంటుంది. ఒక వాక్యం, దానికి సరిపోయే మరో వాక్యం. ప్రేమకు కన్నీరు, అధికార దాహానికి మరణం, ఇలా లెక్క అప్పజెబుతాడు. జనం మెచ్చుకొంటారు. అంతలో గుంపులో ఒకడు, ఇతణ్ణే సీజర్ చేద్దాం అన్న అర్థం వచ్చే మాట అంటాడు. ఆ చిన్న మాట దగ్గర ఆగండి. సీజర్ రాజు కాకూడదని బ్రూటస్ చంపాడు. దానికి జనం ఇచ్చే బహుమానం బ్రూటస్‌కు కిరీటం. అంటే అతను చెప్పిన దాంట్లో ఒక్క ముక్కా వాళ్లకు ఎక్కలేదు. చప్పట్లు మాత్రం కొట్టారు.

తరువాత ఆంటొనీ. అతనికి కొన్ని షరతులు ఉన్నాయి. హంతకులను నిందించకూడదు. సీజర్ గురించి మంచి చెప్పుకోవచ్చు. వాళ్ల అనుమతితోనే మాట్లాడుతున్నానని చెప్పాలి. నింద అనేదే లేకుండా నిందించాలి, అదీ అతని పని. అందుకు అతడు ఒక గౌరవపదాన్ని ఎన్నుకొన్నాడు. బ్రూటస్ గౌరవనీయుడు, వీళ్లందరూ గౌరవనీయులు అని మళ్లీ మళ్లీ అంటాడు.

దీన్ని తెలుగులో ఎలా చెప్పాలి? 'గౌరవనీయులు' అంటే అర్థం సరిపోతుంది. కాని ఆ మాట ఎన్నిసార్లు అన్నా సభాపతి మాటలాగే ఉంటుంది, పులవదు. నన్ను అడిగితే 'పెద్దమనిషి' అనాలి. మన భాషలో ఆ మాటకు రెండు ముఖాలు ఉన్నాయి. ఇద్దరు తగువు పడితే తీర్పు చెప్పేవాడు పెద్దమనిషి. మాట ఇచ్చి తప్పినవాడు కూడా "భలే పెద్దమనిషి". కార్ఖానాలో పగారు ఆలస్యమైన రోజు ఇద్దరు ముగ్గురు కలిసి నిలబడి మాట్లాడుకొనే తీరు ఊహించండి. సేఠ్ పెద్దమనిషి, పదో తారీఖున ఇస్తానన్నాడు. పెద్దమనిషే, పోయిన నెలా అలాగే అన్నాడు. మూడోసారి 'పెద్దమనిషి' అనేసరికి ఎవరో ఒకరు నవ్వుతారు. నాలుగోసారి ఎవరూ నవ్వరు. మాట మారలేదు, అర్థం తిరగబడింది. ఎక్కడ తిరగబడిందో వేలు పెట్టి చూపించగలిగితే మీరు నిశిత పఠనం చేసినట్టే. అందుకని ఆంటొనీ ప్రసంగంలో ఆ పదం వచ్చిన ప్రతి చోటా అంకె వేసి, పక్కన అప్పటికి గుంపు ఏమంటున్నదో రాయండి.

ఒకే సంఘటన, ఇద్దరు సాక్షులు

సీజర్‌కు అధికార దాహం ఉన్నదని బ్రూటస్ అన్నాడు. కాదనడానికి ఆంటొనీ మూడు సంగతులు చూపుతాడు. సీజర్ బందీలను పట్టితెచ్చినప్పుడు వారి విడుదల సొమ్ము ప్రభుత్వ ఖజానాకు చేరింది. పేదలు ఏడిస్తే అతడు కంటతడి పెట్టాడు. పండుగనాడు తానే మూడుసార్లు కిరీటం ఇవ్వబోతే మూడుసార్లూ వద్దన్నాడు.

మూడో సంగతి దగ్గర పుస్తకాన్ని వెనక్కి తిప్పండి. ఇదే సంఘటనను మొదటి అంకంలో కాస్కా చెప్పాడు. కాస్కా చెప్పినదాని ప్రకారం సీజర్ వద్దన్న మాట నిజమే గాని, ఒక్కొక్కసారికి ఆ వద్దనడం మెత్తబడుతూ వచ్చింది. వేళ్లు కిరీటం మీద నుంచి తీయడానికి మనసు ఒప్పలేదు. ఆంటొనీ అబద్ధం ఆడలేదు. మూడుసార్లు అన్నది వాస్తవం. వేళ్ల సంగతి చెప్పలేదు, అంతే. అయితే కాస్కాను నమ్మాలా? అతడు సీజర్ అంటే గిట్టనివాడు, తరువాత మొదటి కత్తిపోటు పొడిచినవాడు. షేక్స్పియర్ ఆ కిరీటం సన్నివేశాన్ని మనకు రంగస్థలం మీద చూపించనే లేదు. కేకలు మాత్రం లోపలి నుంచి వినిపించాడు. చూడనిదాన్ని ఇద్దరు పక్షపాతుల నోట విని మనమే తేల్చుకోవాలి. తేలదు. తేల్చి రాయమని ప్రశ్నపత్రం అడిగితే, రెండు సాక్ష్యాలూ రాసి, ఏది ఎవరిదో చెప్పండి.

చిరుగుల అంగవస్త్రం

ఈ పాఠంలో ఎక్కువసేపు నిలవవలసిన చోటు ఇది. ఆంటొనీ వేదిక దిగి, జనాన్ని శవం చుట్టూ నిలబెట్టి, సీజర్ కప్పుకొన్న అంగవస్త్రాన్ని పట్టుకొని చూపిస్తాడు. మొదట ఆ గుడ్డకు ఒక చరిత్ర చెబుతాడు. నెర్వీ తెగ మీద గెలిచిన రోజు, వేసవి సాయంత్రం, గుడారంలో సీజర్ దీన్ని మొదటిసారి కప్పుకొన్నాడట. ఆ తరువాత ఒక్కొక్క చిరుగు మీద వేలు పెట్టి, ఇది కాసియస్ కత్తి దూరిన చోటు, ఇది కాస్కా చేసిన చీలిక, ఇది బ్రూటస్ పోటు అని పేరు పేరునా చెబుతాడు. జనం ఏడుస్తారు.

ఇప్పుడు ఒక చిన్న ప్రశ్న. సీజర్‌ను పొడిచినప్పుడు ఆంటొనీ ఎక్కడ ఉన్నాడు?

అక్కడ లేడు. హత్యకు ముందే ట్రెబోనియస్ అతణ్ణి పక్కకు తీసుకుపోయాడు. అది మూడో అంకం మొదటి రంగంలో స్పష్టంగా ఉంది. అంతా అయిపోయాక వచ్చి, రక్తం అంటిన చేతులను ఒక్కొక్కటే పట్టుకొని కరచాలనం చేశాడు. ఏ చిరుగు ఎవరిదో అతనికి తెలిసే వీలే లేదు. అయినా చిరుగు చిరుగుకూ పేరు పెట్టాడు. తాకా మీద లోపం కనబడితే అది ఏ సాంచా మీద, ఏ షిఫ్టులో వచ్చిందో చెప్పడానికి గుర్తులు వెతకాలని మీకు తెలుసు. గుర్తు లేకుండా పేరు చెప్పేవాడిని మీరు నమ్మరు. రోము జనం నమ్మారు, ఎందుకంటే అప్పటికి వాళ్లు గుడ్డను చూడటం లేదు, సీజర్‌ను చూస్తున్నారు.

నెర్వీ యుద్ధం మాట కూడా ఇటువంటిదే. ఆ విజయం క్రీస్తుపూర్వం 57 నాటిది. చరిత్రలోని ఆంటొనీ గాల్ దేశంలో సీజర్ దగ్గర చేరింది క్రీస్తుపూర్వం 54లో. అంటే ఆ గుడారంలో అతడు ఉండే అవకాశం లేదు. అయితే ఒక జాగ్రత్త. ట్రెబోనియస్ విషయం నాటకంలోనే ఉంది గనుక అది గట్టి సాక్ష్యం. నెర్వీ విషయం బయటి చరిత్రది. షేక్స్పియర్ ఆ తేదీలను లెక్కించి రాశాడని చెప్పడానికి నాటకంలో ఆధారం లేదు. సమాధానం రాసేటప్పుడు మొదటిదాన్ని ముందు పెట్టండి. రెండోది అదనపు సమాచారంగా మాత్రమే చెప్పండి.

వీలునామా ఏమైంది?

ఆంటొనీ చేతిలో ఇంకొక వస్తువు ఉంది, సీజర్ వీలునామా. దాన్ని చూపించి, చదవను అంటాడు. చదివితే మీరు తట్టుకోలేరు అంటాడు. చదవమని జనం చేతనే బతిమాలించుకొంటాడు. ప్రతి పౌరునికీ 75 ద్రాక్మాల వెండి నాణేలు, టైబర్ నది ఒడ్డున సీజర్ తోటలు అందరికీ అని చివరికి చెప్పేసరికి జనం ఇక నిలవరు, కొరివి కట్టెల కోసం పరుగెత్తుతారు.

వెంటనే వచ్చే రంగం చిన్నది. సిన్నా అనే కవి వీధిలో పోతుంటాడు. హంతకుల్లో ఒకడి పేరూ సిన్నాయే. నేను ఆ సిన్నాను కాదు, కవిని అని మొత్తుకొన్నా వినకుండా గుంపు అతని మీద పడుతుంది. పేరు ఒకటైతే చాలు. సాయంత్రం దాకా ఒక్కొక్క మాటనూ ఆంటొనీ ఎంతో పొదుపుగా వాడాడు. ఆ మాటలు విన్న జనం ఒక పేరుకూ మనిషికీ తేడా చూడలేకపోయారు.

ఆ తరువాత నాలుగో అంకం మొదలు. ఆంటొనీ, ఆక్టేవియస్, లెపిడస్ ఒక బల్ల చుట్టూ కూర్చొని ఎవరెవరిని చంపాలో జాబితా వేస్తుంటారు. అక్కడ ఆంటొనీ లెపిడస్‌ను సీజర్ ఇంటికి పంపుతాడు. ఎందుకు? ఆ వీలునామా తెమ్మని. అందులో పంచవలసిన సొమ్ములో ఎంత కోత పెట్టవచ్చో చూద్దామని. ఒకటి రెండు పంక్తుల మాట. చదువుతూ పోతే జారిపోతుంది. ఆ 75 ద్రాక్మాలను నమ్మి ఊరు తగలబెట్టడానికి వెళ్లినవారిలో ఒక్కరూ ఆ గదిలో లేరు. మనం ఉన్నాం.

నాటకం మొదటి రంగంలోనే ఈ జనాన్ని షేక్స్పియర్ పరిచయం చేశాడు. ఒక వడ్రంగి, ఒక చెప్పులు కుట్టేవాడు పని మాని సీజర్ ఊరేగింపు చూడటానికి వచ్చారు. పనివాళ్లు పనిరోజున వృత్తి గుర్తు లేకుండా వీధిలో ఏమిటని అధికారులు గద్దిస్తారు. చెప్పులు కుట్టేవాడు శ్లేషతో జవాబిస్తాడు. ఇంగ్లీషులో 'సోల్' అంటే చెప్పు అట్ట, అదే ఉచ్చారణతో ఆత్మ కూడా. చెడినవాటిని బాగుచేస్తానని అతడు అన్నప్పుడు అధికారికి అర్థం కావడానికి కొంత సేపు పడుతుంది. మాటల్లో అంత చురుకైన మనిషి కూడా ఆంటొనీ ముందు నిలబడితే ఏమవుతాడో మూడో అంకం చూపిస్తుంది.

ఇంట్లో పిల్లలతో చదవడం

మీ ఇంట్లో తొమ్మిదో, పదో తరగతి చదివే తమ్ముడో, చెల్లెలో, బిడ్డో ఉంటే ఈ రంగాన్ని వారితో కలిసి చదవండి. మాధ్యమం ఏదైనా ఫరవాలేదు. గుజరాతీలోనో హిందీలోనో చదువుతున్న పిల్లలకు కథ మీరు తెలుగులో చెప్పి, ప్రసంగం మాత్రం వారి పుస్తకంలోంచి పైకి చదివించండి. మొదటిసారి మధ్యలో ఆపకండి, అర్థాలు చెప్పకండి. రెండోసారి ఒకరు ఆంటొనీగా, మిగిలినవారు గుంపుగా చదవాలి. మూడోసారి ఆంటొనీ మాటలు వదిలేసి గుంపు మాటలు మాత్రమే వరుసగా చదవండి. సీజర్ పీడకుడు, పీడ పోయింది అన్నవాళ్లే, ఇతని మాటలో న్యాయం ఉన్నట్టుందే అనే చోటికి, అక్కడి నుంచి ద్రోహులు అనే చోటికి ఎలా వచ్చారో ఐదు నిమిషాల్లో కనబడుతుంది. పిల్లలు దీన్ని మనకంటె త్వరగా పట్టుకొంటారు.

ఈ కథలో నీతి ఏమిటి అని మాత్రం వారిని అడగవద్దు. అడిగితే వారు పుస్తకం మూసి మీ ముఖం చూస్తారు. ఏ మాట దగ్గర నీ మనసు మారింది, ఆ మాట చూపించు అని అడగండి. పిల్లవాడు చూపించిన పంక్తి మీరు అనుకొన్నది కాకపోతే, ఎందుకు అని ఇంకొక ప్రశ్న వేసి ఊరుకోండి.

పాఠగత ప్రశ్నలు

1. హంతకులను నిందించనని ఒప్పుకొన్న ఆంటొనీ ఆ షరతును తప్పాడా? ప్రసంగంలోని మాటలు చూపిస్తూ రాయండి.

2. 'గౌరవనీయుడు', 'పెద్దమనిషి', 'మహానుభావుడు' అనే మూడు మాటల్లో వ్యంగ్యానికి ఏది ఎక్కువగా లొంగుతుంది? మీరు విన్న సందర్భాలు రెండు ఇవ్వండి.

3. బ్రూటస్ తన ప్రసంగం అయ్యాక జనాన్ని అక్కడే ఉండి ఆంటొనీ మాటలు వినమని చెప్పి తాను ఒంటరిగా వెళ్లిపోతాడు. అతడు అక్కడే నిలబడి ఉంటే ఆంటొనీ ఏ ఏ మాటలు అనగలిగేవాడు కాదు?

4. నాటకం చివర బ్రూటస్ శవం దగ్గర ఆంటొనీ అతణ్ణి రోమన్లలో అందరికంటె ఉదాత్తుడని పొగుడుతాడు. మూడో అంకంలో కూడా అతడు బ్రూటస్‌ను పొగిడాడు. ఈసారి వింటున్నది ఎవరు, ఆంటొనీకి ఇప్పుడు కావలసింది ఏమిటి అని ఆలోచించి, ఈ పొగడ్తను మీరు నమ్ముతారో లేదో రాయండి.